40 వేలు తీసుకుని సంతకం పెట్టేశాం, ఇంక ఏమీ రాదా?

విశాఖపట్నం గాజువాక నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ తమ్ముడికి 30 ఏళ్లు, ఆటోనగర్‌లో ఒక చిన్న ప్రెస్ షాపులో, అంటే లోహపు రేకులను మిషనుతో నొక్కి భాగాలు చేసే చోట, ఆపరేటరు. మొత్తం ఎనిమిది మంది పనిచేస్తారు. జీతం నెలకు 18 వేలు. పోయిన ఏడాది, అంటే 2025 ఆగస్టులో, పవర్ ప్రెస్ కింద పడి కుడిచేతి నాలుగు వేళ్లూ పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఓనరు ఆసుపత్రి బిల్లు కట్టి, డిశ్చార్జి రోజున చేతికి 40 వేలు ఇచ్చి, 'ఇకపై నాకు ఎలాంటి బాకీ లేదు, క్లెయిము వేయను' అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకున్నారు. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి ఎడమ బొటనవేలి ముద్ర వేయించారు. ఇప్పుడు ఒకరేమో మిషనుకు రక్షణగా ఉండే గార్డు తీసేసి పని చేశాడు కాబట్టి పైసా రాదంటున్నారట. ఇంకొకరేమో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, పాత చట్టం పోయింది, ఇక మర్చిపోండి అంటున్నారట.

అమ్మా, ముందు టెన్షన్ పడకండి. మీ తమ్ముడి క్లెయిము బతికే ఉంది. ఆ స్టాంపు కాగితం విలువ వంద రూపాయలే, దాని మీద రాసినదానికి విలువ లేదు. నేను ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇలాంటి కేసుల్లో యూనియన్ వాళ్లకు కాగితాలు సర్దిపెడుతుంటాను. వకీలును కాను. కానీ ఈ చట్టంలో వకీలు లేకపోయినా యూనియన్ ప్రతినిధి కేసు నడపొచ్చు. అందుకే ఇందులో నా చేతులకు కొంచెం అలవాటు ఉంది.

మీ తమ్ముడికి వర్తించేది 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. 2009లో సవరించి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అని పేరు మార్చారు. ఇందులో 17వ సెక్షన్ ఉంది. కార్మికుడు తన పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదు, అంతే. వేలిముద్ర వేశాడా, నలుగురు సాక్షులున్నారా, నోటరీ చేయించారా అన్నది అనవసరం. నిజంగా రాజీ పడాలంటే దానికి వేరే దారి ఉంది. ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉందని కమిషనర్‌కు అనిపిస్తే రిజిస్టరు చేయనని చెప్పే అధికారం ఉంది. రిజిస్టరు చేయకపోతే చట్టప్రకారం రావలసిన పూర్తి మొత్తానికి ఓనరే బాధ్యుడు. ఇక్కడ కమిషనర్ అంటే పోలీసు కమిషనరో మున్సిపల్ కమిషనరో కాదు. లేబర్ డిపార్ట్‌మెంటులోనే ఒక అధికారికి ఆ హోదా ఇస్తారు.

లెక్క చూద్దాం. జనం ఎక్కువగా మోసపోయేది ఈ లెక్క తెలియకే. శాశ్వత వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన ఒక అంకెతో హెచ్చవేస్తారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. వయసు తక్కువైతే ఎక్కువ, ఎక్కువైతే తక్కువ: 20 ఏళ్లకు 224, 50 ఏళ్లకు 153.09. జీతం ఎంత ఉన్నా లెక్కలోకి తీసుకునేది 15 వేలు మించకూడదని 2020 జనవరి 3 నుంచి పరిమితి ఉంది. అంతకుముందు 8 వేలే ఉండేది. కాబట్టి మీ తమ్ముడికి 18 వేలున్నా లెక్క 15 వేల మీదే. దానిలో 60 శాతం 9 వేలు. 207.98తో హెచ్చవేస్తే 18,71,820 రూపాయలు. ఇది నూటికి నూరు శాతం పని చేయలేని స్థితికి. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే సంపాదన శక్తి 50 శాతం పోయినట్టని చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. అంటే సగం, 9,35,910 రూపాయలు. మీకిచ్చిన 40 వేలకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

ఇంకా ఉంది. ప్రమాదం జరిగిన నెల రోజుల్లోపు డబ్బు కట్టకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ కట్టాలి. ఈ మొత్తం మీద అది ఏడాదికి లక్షా పన్నెండు వేల పైచిలుకు. సరైన కారణం లేకుండా ఆపితే కమిషనర్ అసలులో సగం వరకు పెనాల్టీ కూడా వేయొచ్చు. పెనాల్టీ వేసే ముందు ఓనరుకు నోటీసిచ్చి ఎందుకు ఆలస్యమైందో అడుగుతారు, కాబట్టి దాన్ని ఖాయంగా వస్తుందని లెక్కేసుకోకండి. వడ్డీ మాత్రం తప్పదు. ఆసుపత్రి బిల్లు ఓనరు కట్టాడు కదా, అది తగ్గించుకుంటాడేమో అని మీకు అనుమానం ఉండొచ్చు. కుదరదు. వైద్యం ఖర్చు భరించడం ఓనరు బాధ్యత అని 2009 సవరణ విడిగా చెప్పింది. వైద్యానికి ఇచ్చిన డబ్బును పరిహారంలో జమ కట్టకూడదు. డిశ్చార్జి తర్వాత డ్రెస్సింగులకు, ఫిజియోథెరపీకి మీరు పెట్టిన ఖర్చు బిల్లులుంటే అవీ అడగండి. 40 వేలు మాత్రం వైద్యానికి కాకుండా పరిహారంగా ఇచ్చారని వాళ్లు రుజువు చేస్తే, ఆ మేరకు తగ్గుతుంది. తగ్గనివ్వండి.

50 శాతం దగ్గరే ఆగిపోవాలా అంటే, అక్కర్లేదు, కానీ గట్టిగా వాదించాలి. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ చట్టం కింద ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒక వడ్రంగి పని చేస్తూ కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయవలసి వచ్చింది. షెడ్యూలు ప్రకారం చూస్తే అది నూరు శాతం కాదు. కానీ ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కదా, కాబట్టి నూరు శాతం నష్టమే అన్న నిర్ణయాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. అంటే చూడవలసింది ఒంటిలో ఏ భాగం ఎంత పోయిందని మాత్రమే కాదు, ఆ మనిషి తనకొచ్చిన పని మళ్లీ చేయగలడా లేదా అని. మీ తమ్ముడు కుడిచేతివాటం మనిషి, చేతిపని తప్ప ఇంకో పని నేర్వలేదు. షీటు పట్టుకుని డై (అచ్చు) మీద సర్దడానికి వేళ్లు కావాలి. ఈ మాట డాక్టరు సర్టిఫికెట్‌లోనూ, దరఖాస్తులోనూ, మీ తమ్ముడి సాక్ష్యంలోనూ ఒకేలా రావాలి. మూడు చోట్లా మూడు రకాలుగా వస్తే అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు. షాపు వాళ్లు దయతలచి ఇప్పుడు వాచ్‌మన్‌గా పెట్టుకుంటామంటే ఏం చేయాలో మీరు కుటుంబంగా ఆలోచించుకోండి. ఇంటికి జీతం రావడం కూడా ముఖ్యమే. అయితే ఆ ఉద్యోగాన్ని చూపించి 'సంపాదన తగ్గలేదు' అని వాదిస్తారని మాత్రం తెలుసుకోండి.

ఇప్పుడు గార్డు సంగతి. అసలు పేచీ ఇక్కడే వస్తుంది. ఈ చట్టంలో మామూలు అజాగ్రత్త అడ్డు కాదు. 'నీ తప్పు వల్లే జరిగింది' అన్నా పరిహారం ఆగదు. ఓనరు తప్పు ఉందని మనం రుజువు చేయనక్కరలేదు. కానీ మూడు మినహాయింపులున్నాయి: మద్యం లేదా మత్తు, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ కోసం పెట్టిన పరికరాన్ని అది దేనికో తెలిసీ కావాలని తీసేయడం. మనిషి చనిపోయినా, పూర్తిగా శాశ్వతంగా పని చేయలేని స్థితికి వచ్చినా ఈ మినహాయింపులు పనికిరావు. మీ తమ్ముడిది షెడ్యూలు ప్రకారం పాక్షిక వైకల్యం. అందుకే వాళ్లు గార్డు మాట ఎత్తారు. ఎవరో సలహా ఇచ్చి ఉంటారు. అయితే 'కావాలని తీసేశాడు' అని రుజువు చేయవలసిన బరువు ఓనరుదే.

ప్రెస్ షాపుల్లో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. పవర్ ప్రెస్‌కు రెండు బటన్‌లుంటాయి, మధ్యలో ఒక మూర దూరం. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ర్యామ్, అంటే రేకును నొక్కే పై భాగం, దిగుతుంది. రెండు చేతులూ బటన్‌ల మీద ఉన్నంతసేపు డై కింద చెయ్యి ఉండదు, అదే దాని కిటుకు. కానీ అలా చేస్తే గంటకు వచ్చే పీసులు తగ్గుతాయి. అందుకని ఒక బటన్ సందులో చిన్న చెక్క ముక్క దూర్చి, అది ఎప్పుడూ నొక్కే ఉండేలా బైండింగ్ వైరుతో కట్టేస్తారు. ఇప్పుడు ఒక చెయ్యి చాలు. రెండో చేత్తో జాబ్ తీసి కొత్త షీటు పెట్టొచ్చు. నేను తనిఖీకి వెళ్లిన చోట్ల ఆ చెక్క ముక్క చుట్టూ నూనె మురికి పట్టి, అంచులు నల్లగా నున్నగా అరిగిపోయి ఉండేవి. అంత అరిగిందంటే అది ఆ రోజు పెట్టింది కాదు. నెలల తరబడి అలాగే ఉంది, సూపర్‌వైజర్ రోజూ చూస్తూనే ఉన్నాడు. అప్పుడు అది కార్మికుడు కావాలని తీసిన గార్డు కాదు, షాపు నడిచే పద్ధతి. మీ తమ్ముడి ప్రెస్‌కు బటన్‌లుండేవా, కాలి పెడలా, జాలీ గార్డా అన్నది మీరు రాయలేదు. అది తెలుసుకోండి. అక్కడ ఇంకా పని చేస్తున్న వాళ్లెవరైనా నమ్మకస్తులుంటే, ఎప్పటి నుంచి అలా నడుస్తోంది, ఎవరు చేయమన్నారు, రోజుకు ఎన్ని పీసులు అడిగేవారు అని మాటల్లో పెట్టించండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు హెల్పరు ఆస్బెస్టాస్ రేకు పగిలి పైకప్పు మీంచి పడిపోయి చనిపోయాడు. యాక్సిడెంట్ రిజిస్టరు నేనే రాశాను. 'సేఫ్టీ బెల్టు పెట్టుకోకపోవడం వల్ల' అని రాయమన్నారు, రాశాను. ఆ కప్పు మీద బెల్టు తగిలించడానికి కొక్కెం గానీ, తాడు గానీ లేదు. రేకు మీద నడవడానికి పలక కూడా వేయలేదు. ఆ సంగతి నాకు తెలుసు, కానీ ఆ వాక్యంలో అది లేదు. కాంట్రాక్టరు ఆ పల్లెకు వెళ్లి కొంత డబ్బిచ్చి వచ్చాడు. నా వాక్యం చూపించి 'మీవాడి తప్పే, అయినా మేం ఇస్తున్నాం' అని చెప్పాడట. అసలు తప్పు ఎవరిదన్నది ఈ చట్టంలో అక్కర్లేని ప్రశ్న అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పైగా మరణం విషయంలో పరిహారాన్ని కుటుంబం చేతిలో నేరుగా పెట్టడానికే లేదు. కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి, చేతికిచ్చింది చెల్లింపు కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుకు మాత్రమే వీలుంది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఆ రోజు మొదట రాసిన కాగితం ఏది, దానిలో ఏముంది?

మీరూ అదే చూడండి. ఆసుపత్రిలో చేర్చినప్పుడు కేసు షీటులో గాయం ఎలా అయిందని రాశారు? 'ప్రెస్ మిషనులో' అని ఉందా, లేక 'ఇంట్లో తలుపు సందులో పడి' అని ఉందా? తీసుకెళ్లింది షాపు వాళ్లే అయితే రెండోది రాయించడం కొత్తేమీ కాదు. అలా ఉన్నా కంగారు పడొద్దు. నాలుగు వేళ్లు ఒకే వరసలో తెగిపోయిన ఎక్స్‌రే, ఆ సమయానికి షాపు నుంచి వచ్చిన ఫోన్లు, తోటివాళ్ల మాట చాలు, దాన్ని పడగొట్టొచ్చు. ఎంఎల్‌సీ (ఆసుపత్రి వాళ్లు నమోదు చేసే మెడికో లీగల్ కేసు) అయ్యిందా, పోలీసులకు కబురు వెళ్లిందా కూడా కనుక్కోండి. జీతం రుజువుకు స్లిప్పులు లేవని రాశారు. బ్యాంకు స్టేట్‌మెంటులో సగం, ఓనరు పంపిన ఫోన్‌పే మెసేజ్‌లలో ఇంకొంత దొరుకుతుంది. మిగతాది తోటివాళ్లు చెప్పాలి. వయసుకు ఆధార్ కంటే పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే నయం.

కొత్త కోడ్‌ల సంగతికి వస్తే, వార్త నిజమే, దాన్నుంచి మీకు చెప్పిన భాష్యం తప్పు. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా చేసి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. 1923 చట్టం స్థానంలో ఇప్పుడు సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో ఒక అధ్యాయం ఉంది. కమిషనర్ అనే పేరు కూడా మారి కాంపిటెంట్ అథారిటీ అయింది. మీ తమ్ముడికి ప్రమాదం జరిగింది ఆగస్టులో. ఆ రోజున పుట్టిన హక్కు చట్టం మారినంత మాత్రాన పోదు. ఏ పరిమితి మీద లెక్క కట్టాలన్నది కూడా ప్రమాదం జరిగిన తేదీని బట్టే అని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు పడాలి, అంటే 2027 ఆగస్టు దాకా టైముంది. అంత దాకా ఆగమని కాదు. సాక్షులు ఊళ్లు మారిపోతారు, చిన్న షాపులు మూతపడతాయి.

దరఖాస్తు వేసే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈఎస్‌ఐ, అంటే చందా కట్టించుకుని కార్మికులకు ఇచ్చే ప్రభుత్వ బీమా. ఈఎస్‌ఐ కిందకు వచ్చే కార్మికుడు అదే గాయానికి ఓనరు మీద ఈ పరిహారం కేసు వేయలేడు, ఈఎస్‌ఐ నుంచే తీసుకోవాలి. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీలో పది మంది ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది, 21 వేల లోపు జీతం వాళ్లు దాని కిందకు వస్తారు. మీరు ఎనిమిది మంది అన్నారు. నిజంగా ఎనిమిదేనా? రెండో షిఫ్టు వాళ్లు, రోజుకూలీ హెల్పర్లు, పెయింటింగు వాళ్లు అందరినీ కలిపి లెక్కపెట్టండి. పదికి చేరితే దారి మారిపోతుంది. అప్పుడు ఓనరు ఒక్క రూపాయి చందా కట్టకపోయినా ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీ తమ్ముడికి లబ్ధి ఇచ్చి ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ దారి చెడ్డదేమీ కాదు. కోలుకునేంత కాలం జీతంలో 90 శాతం చొప్పున, ఆ తర్వాత పోయిన సంపాదన శక్తిని బట్టి బతికున్నంత కాలం నెలనెలా వస్తుంది. 30 ఏళ్ల మనిషికి నెలనెలా వచ్చే డబ్బు ఒక్కసారి వచ్చే తొమ్మిది లక్షల కంటే మేలు కావచ్చు. ఊళ్లో మాత్రం మొత్తం ఒకేసారి చేతిలో పడాలనే అందరూ అడుగుతారు. అప్పులుంటాయి కదా, వాళ్లననలేం. ఎనిమిది మందే అయితే మీరు నేరుగా కాంపెన్సేషన్ కేసే వేయాలి. ఈ చట్టానికి ఇంతమంది ఉండాలనే లెక్క లేదు. కరెంటు మోటారుతో తయారీ జరిగే చోట పని చేస్తే చాలు.

ఎక్కడ వేయాలి? ప్రమాదం జరిగిన చోటైనా, మీరుండే చోటైనా వేయొచ్చు. మీకు రెండూ ఒక్కటే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ పరవాడలోనో అచ్యుతాపురంలోనో పని చేస్తూ గాయపడ్డ శ్రీకాకుళం, ఒడిశా వాళ్లకు ఇది చాలా పెద్ద ఉపకారం. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ రెండూ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. చనిపోయినవాడి భార్య పసిపిల్లలతో అక్కడికి తిరగనక్కర్లేదు, తన ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు.

ఇదే సందర్భంలో ఇంకొన్ని చెప్తాను, చదివే వాళ్లలో వేరే కేసులున్న వాళ్లూ ఉంటారు. డ్యూటీకి వెళ్తూ, వస్తూ రోడ్డు మీద జరిగిన ప్రమాదం 'పనిలో జరిగింది కాదు' అని ఇన్నాళ్లూ కొట్టిపారేసేవారు. 2025 జూలై 29న సుప్రీంకోర్టు దీనిని తేల్చింది. చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒకతను 2003లో తెల్లవారుజామున మూడింటి షిఫ్టుకు బండి మీద వెళ్తూ, ఫ్యాక్టరీ ఇంకో అయిదు కిలోమీటర్లు ఉందనగా ప్రమాదంలో చనిపోయాడు. ఆ టైముకు, ఆ దారికి, ఆ డ్యూటీకి సంబంధం కనిపిస్తే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమే అని కోర్టు చెప్పి కుటుంబానికి పరిహారం నిలబెట్టింది. ఇరవై రెండేళ్లు పట్టింది, అది వేరే బాధ. కొత్త కోడ్‌లో ఇది చట్టంలోనే రాసేశారు. కూర్మన్నపాలెం నుంచి షీలానగర్ దాకా నైట్ షిఫ్టు దిగి బండ్ల మీద వచ్చే కుర్రాళ్లను చూసినప్పుడల్లా ఈ మార్పు ఎవరికి పనికొస్తుందో తెలుస్తుంది. కాకపోతే మధ్యలో ఇంకో ఊరు తిరిగి, స్నేహితుడి ఇంట్లో ఆగి వస్తే ఆ సంబంధం తెగిపోయిందంటారు. లారీయో కారో గుద్దితే మోటారు వాహనాల కేసు, ఇది, రెండింటిలో ఒక్కటే వేసుకోవాలి. సాధారణంగా మోటారు వాహనాల ట్రిబ్యునల్‌లోనే ఎక్కువ వస్తుంది.

కాంట్రాక్టు కార్మికుల విషయం ఈ ఊళ్లో మరీ ముఖ్యం. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోతే, వాళ్లలో ఎక్కువ మంది కాంట్రాక్టు ఏజెన్సీల వాళ్లే. కాంట్రాక్టరు పరారైతే? తన ఆవరణలో, తన పనిలో భాగంగా చేయించుకున్న అసలు కంపెనీయే ముందు కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. 'మా మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు లేదు' అన్నది సమాధానం కాదు. గేట్ పాస్ జిరాక్సు ఇంట్లో దాచుకోమని నేను కనబడిన ప్రతి కుర్రాడికీ చెప్తాను.

పెద్ద ప్రమాదాలప్పుడు ప్రకటించే ఎక్స్‌గ్రేషియాకూ దీనికీ చాలా తేడా ఉంది. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా యూనిట్‌లో సాల్వెంటు ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయినప్పుడు, కుటుంబానికి కోటి రూపాయలు అన్నారు. మంచిదే. కానీ అది టీవీ కెమెరాలు వచ్చినప్పుడు దొరికేది. మీ తమ్ముడి వేళ్ల కోసం ఏ మంత్రీ ఆటోనగర్ రాడు. ఒక్కడే ఒక మూల గాయపడిన చోట మనకు మిగిలేది ఈ చట్టమే. అలాంటి ఒంటరి మరణానికి లెక్క ఎంతంటారా, 40 ఏళ్ల మనిషి, 15 వేల జీతం అనుకుంటే, సగం జీతం 7,500ను 184.17తో హెచ్చవేసి 13,81,275 రూపాయలు. కోటికీ దీనికీ మధ్య దూరం న్యాయంగా ఉందని నేను అనను. జీతం పరిమితి 15 వేల దగ్గర పెట్టడమే దానికి కారణం.

ఆ నాలుగు కొత్త కోడ్‌లలో పనిచోటి భద్రత మీద ఒకటుంది, దానిలో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. అది ఉంటే మీరు ఇప్పుడు జీతం రుజువు కోసం ఫోన్ వెతుక్కునే పని ఉండదు. యాజమాన్యం నిబంధనలు పాటించక మనిషి చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించమని కోర్టు ఆదేశించవచ్చు. ప్రాణాపాయం ఉందని అనిపిస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ ఒకేసారి చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. నాకు నచ్చనిది కూడా చెప్తాను. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేది పాత చట్టం, ఇప్పుడది ఇరవై అయింది. ఆటోనగర్ షెడ్లలో సగం ఆ అంకె కిందకే వస్తాయి. చెక్క ముక్కలు దూర్చేది ఎక్కువగా అలాంటి చోటే. పరిహారం హక్కుకు మాత్రం ఈ మార్పుతో సంబంధం లేదు.

మీరు ఈ వారంలో చేయవలసింది చెప్తాను. ఓనరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. తేదీ, సమయం, ఏ మిషను, ఏ గాయం, వయసు, జీతం రాసి, చట్టప్రకారం పరిహారం కట్టమని. వీలైనంత పొడి మాటల్లో రాయండి, తిట్లు, శాపనార్థాలు వద్దు. ఆ కాగితం రేపు అధికారి ముందు ఉంటుంది. రసీదు జాగ్రత్త. నోటీసు అందాక ఓనరు తన ఖర్చుతో డాక్టరు పరీక్షకు రమ్మంటే వెళ్లాలి, వెళ్లకపోతే క్లెయిము ఆగిపోతుంది. వెళ్లేటప్పుడు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి, అక్కడ ఏ కాగితం మీదా ముద్ర వేయనివ్వకండి. మీరు విడిగా ఎముకల డాక్టరు దగ్గర సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో రాయించుకోండి. వికలాంగుల సదరం సర్టిఫికెట్ కూడా తీసుకోండి, కానీ అది అంగవైకల్య శాతమే చెప్తుంది. సంపాదన శక్తి శాతం వేరు, రెండూ ఒకటేనని ఎవరు చెప్పినా నమ్మకండి. తర్వాత దరఖాస్తు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నేను చూసిన ఏ కేసూ మూడు నెలల్లో తేలలేదు. ఓనరు అప్పీలుకు హైకోర్టుకు వెళ్లాలన్నా ముందు మొత్తం డబ్బు డిపాజిట్ చేయాలి. అందుకే తీర్పు దాకా వచ్చాక చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఈ నోటీసు పోస్టులో వేసే ముందే ఇంకొకటి చేయాలి. ఆ షాపులో మీ తమ్ముడికి బాగా దగ్గరైన మనిషి ఎవరో రాయండి. నోటీసు అందిన మర్నాడు ఆ ప్రెస్‌కు కొత్త గార్డు బిగించి, రెండు బటన్‌లూ శుభ్రంగా తుడిచి పెడతారు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు, ప్రెస్ మొత్తం ఒకటి, బటన్‌ల దగ్గర నుంచి ఒకటి, తేదీ కనిపించేలా రెండు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమనండి. ఆ తర్వాతే పోస్టాఫీసుకు వెళ్లండి.